గిట్టక్రింది నేల

కాకతీయులు ఓరుగల్లు నేలుచున్న కాలమున అరబ్బుదేశమునుండియు పారసీక తీరమునుండియు ఓడలమీద దక్షిణాపథమునకు దిగుమతియైన గుఱ్ఱములలో చాలభాగము ఏడు తిరిగివచ్చునప్పటికి బ్రదికియుండెడివి కావని, పదమూడవ శతాబ్దపు చివర మన సముద్రతీరములను చూచిపోయిన మార్కోపోలో వ్రాసియున్నాడు. ఆతడు ముఖ్యముగా ప్రస్తావించినది తమిళదేశపు తీరమును; తప్పు మోపినది లాడములు కొట్టు పనివారు లేమిమీదను, గుఱ్ఱమును సాకు తెలివి లేమిమీదను. అంతటి వ్యయముతో తెప్పించిన జంతువు గనుకనే దానిని పరీక్షించు విద్య మనదేశమున ఒక శాస్త్రమై వర్ధిల్లినది. మనుమంచి భట్టు తెలుగులోనే అశ్వలక్షణ గ్రంథమును రచించినాడు. గుఱ్ఱమును ఆపాదమస్తకము పరీక్షించు ఆ విద్యకు ఈ అధ్యాయము పోటీకి రాదు. గిట్ట యెక్కడ ముగియునో అక్కడనుండి క్రిందికి, జానెడు లోతువఱకు, నేలలో ఏమి జరుగుచున్నదో చూచుటయే దీని పని.

అందుకు పాలకుర్తి ప్రాంతము తగిన పాఠశాల. ఓరుగల్లునకు నైఋతిదిక్కున, నేటి జనగామ జిల్లాలో, సోమేశ్వరుని గుట్టను తలాపున పెట్టుకొనియున్న ఈ ఊరు పాల్కురికి సోమనాథుని పేరుతో తెలుగువారందఱికిని తెలిసినది. ఇక్కడ గుఱ్ఱము నేడు పెండ్లి ఊరేగింపునకు బాడుగమీద వచ్చు అతిథి మాత్రమే. 2019 పశుగణననాటికి భారతదేశ మంతటను గుఱ్ఱములు, తట్టువలు కలిసి సుమారు 3.4 లక్షలు మిగులగా, ఒక్క తెలంగాణములోనే గొఱ్ఱెలు 1.9 కోట్లకు చేరి దేశమున ప్రథమస్థానమును ఆక్రమించినవి. కావున ఊరిపశువుల మేతకై విడిచిన బంచరాయిని నేడు బురదచేయు గిట్ట గొఱ్ఱెది, మేకది, బఱ్ఱెది. అయినను ఇంగ్లాండులో గుఱ్ఱముల పచ్చికకు పట్టు రోగమును, జనగామలో బంచరాయికి పట్టు రోగమును జాతిచేత ఒక్కటే, నిదానము ఒక్కటే, చికిత్సయు చాలవఱకు ఒక్కటే.

బురద పుట్టుక

వాన పడినది గనుక బురద అయినదని లోకము తలచును. భాద్రపదమాసమున ఏ చెరువు శిఖములోనికైనను, అనగా దాని ముంపునేలలోనికైనను, పోయి, పశువులు నీటికి దిగు బాటవెంట పది అడుగులు నడిచినయెడల ఈ తలపు సగమే నిజమని కంటికే తెలియును. బాటకు ఇరుప్రక్కల గరిక పట్టిన నేలమీద నిన్నటి వాన ఇంకిపోయి చెప్పునకు తడి మాత్రమే అంటును. బాటలోనో, గిట్టగిట్టకు ఒక గుంట, గుంటగుంటకు గిద్దెడు నీరు, రెండు గుంటల నడుమ పైకుబికిన మట్టి. అట్టి గుంట యొక్కదాని అంచున గడ్డపార దింపి జానెడు లోతు పెళ్ళను పెకలించి చూడుడు. అడుగున మట్టి దాని సహజమైన ఎఱుపుతో, వ్రేళ్ళనడుమ నలిపిన పొడిపొడిగా రాలుచుండును; పైన నాలుగంగుళముల మట్టి బూడిదరంగునకు తిరిగి, పలకలు పలకలుగా విడిపోవుచు, మురుగుకంపు కొట్టుచుండును. గడ్డివేళ్ళు ఆ పలకలవఱకు దిగి, దారి దొరకక, అడ్డముగా తిరిగి ప్రాకియుండును. వాన ఒక్కటే, మట్టి ఒక్కటే. భేదమంతయు గిట్ట చేసినది.

దీనికి కారణమును తెలిసికొనవలెనన్న మట్టిని గూర్చి మనకున్న ఒక అపోహ తొలగవలెను. మట్టి నిండుపదార్థము కాదు. ఆరోగ్యముగా నున్న పచ్చిక నేలలో రమారమి సగము ఖాళీ. ఆ ఖాళీలో కొంత నీరు, కొంత గాలి. వాననీటిని వేగముగా లోపలికి దింపునవి పెద్దరంధ్రములు, అనగా వానపాము పోయిన దారులు, చచ్చిన వేళ్ళు విడిచిన గొట్టములు, మట్టికణములు ముద్దలుగా కూడినచోట ముద్దకు ముద్దకు నడుమనున్న సందులు. ఆ నీటిని మొక్కకొఱకు దాచిపెట్టునవి చిన్నరంధ్రములు. బరువు పడినపుడు మొదట మూసికొనిపోవునవి పెద్దవే. గొట్టములో నీటి ప్రవాహము దాని వ్యాసార్ధముయొక్క నాల్గవ ఘాతమును అనుసరించి మాఱును గనుక, రంధ్రపు వెడల్పు సగమునకు తగ్గినచో దానిగుండ దిగు నీరు సగమునకు కాక పదునాఱవవంతునకు పడిపోవును. కన్నులకు కొద్దిగా అణగినట్లు కనబడు నేల నీటిని ఒక్కసారిగా నిరాకరించుటకు ఇదియే హేతువు.

నీరు నిలిచిన రంధ్రములలోనికి గాలి రాజాలదు. ప్రాణవాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో నీటిలో వ్యాపించు వేగము ఇంచుమించు పదివేలవ వంతు మాత్రమే. కావున మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న ప్రాణవాయువును కొద్దిదినములలో తీర్చివేసి, పిమ్మట నత్రితములలోనిదానిని, ఆపై ఇనుపతుప్పులోనిదానిని లాగికొనసాగును. ఎఱ్ఱమట్టికి ఎఱుపునిచ్చునది ఆ ఇనుపతుప్పే. అది విఱిగినచో ఎఱుపు పోయి బూడిదరంగు తేలును. మఱికొంతకాలమునకు గంధకము విడివడి మురుగుకంపు పుట్టును. పెళ్ళలో మనము చూచిన బూడిదరంగు ఊపిరాడని నేల తనంత తాను వ్రాసి చూపిన సాక్ష్యము.

బురదచేయుటలో గిట్ట యెంత సమర్థమో వరి పండించు రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నాటునకుముందు మడిలో నీరు పెట్టి, ఎడ్లతోనో ట్రాక్టరుతోనో త్రొక్కించి, కరిగెట దున్ని, మట్టిముద్దలన్నింటిని నలగగొట్టి, నీరు క్రిందికి దిగకుండునట్లు అడుగున గట్టిపొరను అతడు కావలెననియే కల్పించును. శిఖములోని బాటమీద మంద చేయుచున్నదియు అక్షరాల ఆ దమ్మే. వరికి అది భోగము. గాలిని వేళ్ళకు అందించు గొట్టములు వరి కాండములోనే ఉన్నవి. అంజన్ వంటి మెట్టగడ్డులకు అట్టి వసతి లేదు.

గిట్ట లెక్క

నాలుగువందల కిలోల గుఱ్ఱము కదలక నిలిచినపుడు ఒక్కొక్క కాలిమీద సుమారు నూఱు కిలోల భారము పడును; గిట్ట అడుగు వైశాల్యము రమారమి నూఱు చదరపు సెంటీమీటర్లు గనుక, చదరపు సెంటీమీటరునకు కిలో. నడచునపుడు ఆ భారము రెండుమూడు కాళ్ళమీదనే పడును. దౌడు తీయునపుడు ఒకానొక క్షణమున ఒకే కాలిమీద దేహభారమునకు రెండింతలకు పైబడిన తాకిడి పడునని కొలిచి చూచిరి. ముప్పది కిలోల గొఱ్ఱె బహుతేలికయని మనము తలంతుము. కాని దాని గిట్ట చిన్నది, పది చదరపు సెంటీమీటర్లకు మించదు. కావున నిలిచినచోట అది మోపు ఒత్తిడి నిలిచిన గుఱ్ఱము మోపుదానిలో మూడువంతులకు తక్కువ కాదు. రెండు పాదములు నిండుగా మోపి నిలిచిన మనుష్యుని ఒత్తిడి గుఱ్ఱపుదానిలో నాల్గవవంతైన నుండునో లేదో. తేడా ఎక్కడ నున్నదనగా, వెడల్పైన గిట్టక్రింద ఒత్తిడి లోతునకు దిగును, సన్నని గిట్టక్రింద పైపైననే చల్లారును. గుఱ్ఱము, బఱ్ఱె జానెడు లోతువఱకు అణచును. గొఱ్ఱె రెండుమూడంగుళములలోనే తన పని ముగించును, కాని ఇన్నూఱు జీవాల మందకు ఎనిమిదివందల గిట్టలు.

ఇంతకన్న ముఖ్యమైనది ఎప్పుడు త్రొక్కినదను ప్రశ్న. వేసవిలో ఎండి గట్టిపడిన నేలమీద మంద యెన్నిమారులు నడచినను పైన దుమ్ము లేచుటయేగాని లోపల చెఱుపు స్వల్పము. ఒక మోస్తరు తడిలో మట్టికణములు ఒకదానిమీద నొకటి జాఱి, సందులన్నియు మూసికొని, మిక్కిలి గట్టిగా అణగును. నీరు పూర్తిగా నిండినపుడు అణగుటకు తావులేక, మట్టి ప్రక్కలకు పిసుకబడి రూపుచెడును. అనగా సంవత్సరమున పదునొకండు నెలలు మేసినను చెడని నేల, తడిసియున్న ఆ కొద్దివారములు మేపుటచేతనే చెడవచ్చును. మన ప్రాంతమున వానలో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరువఱకు కురియును. గడ్డి చిగిర్చునదియు అప్పుడే, వేసవి యంతయు ఎండుమేతతో గడపిన జీవాలను పచ్చికమీదికి తోలవలెనను ఆత్రము కలుగునదియు అప్పుడే. మూడును ఒక్కచో కలియుటయే మన బంచరాయిల ఆపద.

చల్క, రేగడి

ఇదే దెబ్బకు రెండు నేలలు రెండు విధములుగా ఓర్చుకొనును. రేగడిలోని బంకమన్ను స్మెక్టైట్ జాతిది. తడిసిన ఉబ్బి, ఎండిన కుంచించును. మాఘఫాల్గుణములలో చేయి దూఱునంతటి నెఱ్ఱెలు విచ్చి, పైమట్టి ఆ నెఱ్ఱెలలోనికి రాలి, తొలివానకు మరల ఉబ్బి, ఏటేట రేగడి తన్ను తాను త్రవ్వుకొనును. వానాకాలమున త్రొక్కి చెఱిపినను ఒకటిరెండు వేసవులలో కొంత బాగుపడు స్వభావము దానికి కలదు. పాలకుర్తి చుట్టుపట్ల గ్రానైటు ఱాయి శిథిలమై ఏర్పడిన ఎఱ్ఱచల్కలకు ఆ భాగ్యము లేదు. వానిలోని కొద్దిపాటి బంకమన్ను కెయోలినైట్ జాతిది; ఉబ్బదు, కుంచించదు, నెఱ్ఱె విడువదు. ఒకసారి అణగిన చల్క అణగియే యుండును. పైగా గడ్డికప్పు పోయిన చల్కమీద వానచినుకు సూటిగా తగిలి, మట్టిముద్దలను చితుకగొట్టి, సన్నని రేణువులను సందులలో కూరి, ఎండ తగులగానే పెంకువలె గట్టిపడు పొరను కట్టును. పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్, హైదరాబాదులో 1985లో వెలసిన మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, ఎఱ్ఱనేలల ఈ పైపొరను గూర్చి, దానివలన వాన ఇంకక పరుగులెత్తుటను గూర్చి విశేషముగా పరిశోధించినవి. కావున చల్కలో స్వస్థత తనంత తాను రాదు. దానిని తెచ్చునవి వేళ్ళు, వానపాములు, చెదలు, పేడపురుగులు. వానికి కావలసినది ఆహారమును వ్యవధియు.

పళ్ళు, పెదవులు, వేళ్ళు

నేలకు రెండవ దెబ్బ నోటినుండి తగులును. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగును గనుక నేలకు మఱీ దగ్గఱగా మేయజాలదు. గొఱ్ఱె తన చీలిన పైపెదవితో చిగురును ఏఱికోరి నేలబారుగా కొఱుకును. గుఱ్ఱమునకు పైనను క్రిందను కూడ ముందుపళ్ళున్నవి గనుక కత్తెరవేసినట్లు మొదలంట కత్తిరించును. అంతేకాదు, తన పేడ పడినచోట మేయుటకు అది ఇష్టపడదు. కావున గుఱ్ఱములు మాత్రమే మేయు పచ్చికలో కొన్నిచోట్ల గడ్డి బోడియై, కొన్నిచోట్ల మోకాలెత్తు పెరిగి ముదురును. ఆ ముదురుగడ్డిని ఆవులును గొఱ్ఱెలును సంతోషముగా తినును. గుఱ్ఱపు నులిపురుగులలో అనేకము వాని కడుపులో బ్రదుకజాలక నశించును. గుఱ్ఱములవెంట ఆవులను గొఱ్ఱెలను త్రిప్పి మేపు ఇంగ్లాండు రైతుల పాతయలవాటునకు ఇంతటి అర్థమున్నది.

ఆకు పోయినప్పుడు వేరునకేమగునో 1955లో అమెరికా వ్యవసాయశాఖ ప్రకటించిన క్రైడర్ పరిశోధన స్పష్టముగా తెలిపినది. గడ్డి ఆకులలో నూటికి నలువదివంతులవఱకు కోసినను వేరు పెరుగుట ఆగలేదు. సగము మించి కోసినకొలది ఆగసాగినది. ఎనుబదివంతులు కోసినప్పుడు దినముల తరబడి వేరు కదలనేలేదు. ఆకు మరల తొడుగుటకు మొక్క తన మొదలులోని నిలువను వ్యయము చేయును. ఆ నిలువ తిరిగి కూడకముందే మరల కొఱికినయెడల వేరు పొట్టిదగును, మొక్క చచ్చును, మట్టిని పట్టి నిలుపు వల తెగును. అంతవఱకు పచ్చికగా నున్న నేల మఱుసటి వానకు బురద యగుట అప్పుడు అనివార్యము.

దబడ్ఘావ్, శంకరనారాయణ్ అను శాస్త్రజ్ఞులు 1973లో భారతదేశపు గడ్డిభూములను వర్గీకరించినపుడు దక్కనును సెహిమా, డైకాంతియం అను బహువార్షిక తృణములు ప్రధానముగా గల ప్రాంతముగా నిర్ణయించిరి. మేపు మితిమీఱినకొలది ఆ మేలుగడ్డులు తొలగి, జీవాల ఉన్నిలోను చర్మములోను గ్రుచ్చుకొను ముల్లుగడ్డి వచ్చును. అదియు తఱిగిన పిమ్మట చీపురుగడ్డి, ఏకవార్షికములైన పిచ్చిగడ్డులు. తుదకు వయ్యారిభామయు సర్కారుతుమ్మయు. సర్కారుతుమ్మ కాయలను జీవాలే తిని, గింజలను పేడతోను పెంటికలతోను ఊరంతట చల్లును. బంచరాయిని చూచి, అందు నేడు ఏ గడ్డి యున్నదో గుర్తించినవాడు అది మెట్లు ఎన్ని దిగినదో చెప్పగలడు.

బురద రోగములు

నేల చెడుట జంతువునకు మేత తగ్గుటతో ముగియదు. తడిలో నానిన గిట్టసందుల చర్మము మెత్తబడి చిట్లినపుడు సూక్ష్మజీవులు ప్రవేశించి గొఱ్ఱెలకు గిట్టల కుళ్ళు కలిగించును. గుఱ్ఱముల కాళ్ళకు బురదపుండ్లు పుట్టించునది వేఱొక సూక్ష్మజీవి. చెరువంచున బురదలో పెరుగు చిన్ననత్తలు కార్జపు జలగల పిల్లలకు ఆశ్రయములు. అవి నత్తను విడిచి గడ్డిపోచల నంటియుండి, మేతతోపాటు గొఱ్ఱె, బఱ్ఱె కడుపులో చేరి కార్జమును తొలుచును. మందు త్రాగించిన జీవమును మరల ఆ బురద అంచునకే తోలుట చిల్లికడవలో నీరు పోయుటయే. పశువుల వ్యాధిని పశువులో మాత్రమే గాక అది నిలుచుచోటను కూడ వెదకవలెను.

చికిత్స క్రమము

చెడిన పచ్చికను చూడగానే విత్తనము చల్లవలెనని తోచును; అది చిట్టచివరి పని. మొదటిది, ఒక మూలను వదలుకొనుట. గుఱ్ఱములను పోషించు పాశ్చాత్యులు తడికాలమున వానిని పచ్చికయంతటను తిరుగనీయక, గట్టిపఱచిన ఒక చిన్న ఆవరణమునకు పరిమితము చేయుదురు. ఆ చిన్నచోటు పాడైనను తక్కిన పచ్చిక దక్కును. స్థిరమైన పచ్చికమీద హెక్టారునకు రెండు గుఱ్ఱములకు మించరాదని అక్కడి పెద్దలు చెప్పు లెక్కయు ఈ ఆవరణమును వేఱుగ ఉంచుకొనియే. మన దొడ్డి చేయవలసిన పని ఇదియే; అయితే దొడ్డియే బురదయైనచో ఫలములేదు. దొడ్డివాకిట, తొట్టిచుట్టు, పశువులు ఇఱుకుగా నడచుచోట పైనున్న రొంపిని పూర్తిగా తీసివేసి, నీరు ఒకవైపునకు జాఱునట్లు వాలు దిద్ది, క్రింద కంకర పఱచి, పైన జానెడు మందమున మొరము పోసి దిమ్మెస కొట్టవలెను. కంకరకు మట్టికి నడుమ జియోటెక్స్‌టైల్ అను గట్టివస్త్రమును పఱచిన నీరు క్రిందికి దిగును, రొంపి పైకి రాదు. రొంపిమీదనే మొరము పోసిన ఒక వానాకాలములో అడుగంటును. వరిగడ్డి పఱచుట మఱింత చెఱుపు; అది పేడతో కలిసి కుళ్ళి నీటిని పట్టియుంచును. పేడను దినదినము ఎత్తివేయనిదే ఏ దొడ్డియు గట్టిగా నిలువదు.

రెండవది నీటికి దారి. గుట్టలమీదను ఊరివీధులలోను పడిన వాన బంచరాయిగుండ పాఱుచున్నయెడల దానిని మీదనే అడ్డగించి, సమతలరేఖ వెంబడి కందకములు త్రవ్వి, కొంత ఇంకించి కొంత మళ్ళింపవలెను. ఉపాధిహామీ పనులలో ఇట్టి కందకములు, పశువుల నీటితొట్లు చాల ఊళ్ళలో నిర్మింపబడినవి. పశువులు చెరువంచు పొడుగునను దిగక, మొరము పోసిన ఒకే చోట దిగునట్లో, అంతకన్న మేలుగా తొట్టిలో త్రాగునట్లో ఏర్పఱచినచో శిఖమంచున గడ్డి తిరిగి తలయెత్తును.

మూడవది మట్టి. తడినేలలో నాగలి పెట్టుట గాయముమీద గాయము. పదును చూచి, పైపొర పగులునంతమట్టుకు గుంటక తోలిన చాలును. గిట్ట అణచినది మహాయైన జానెడే గనుక, అటుపై పని వేళ్ళకు వదలవచ్చును. చల్కలకు పూడికమట్టి మేలైన ఔషధము. చెరువడుగున చేరిన బంకమన్నును, కుళ్ళిన ఆకులను ఎండకాలమున త్రవ్వి పొలములకు తోలుట మనవారి పాతయాచారము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ ఆ ఆచారమునకు యంత్రబలము చేకూర్చినది. పొలమునకు పోవు పూడికలో పదోవంతు బంచరాయికి పోయినను చల్క నీటిని పట్టు శక్తి పెరుగును. పేడపురుగులు పేడను మట్టిలోనికి దింపి, గాలికి నీటికి దారులు త్రవ్వును. తమ దేశపు పురుగులు ఆవుపేడను ముట్టకపోవుటచేత ఆస్ట్రేలియావారు 1960ల నుండి అన్యదేశముల పేడపురుగులను ప్రత్యేకముగ దిగుమతి చేసికొనిరి. మనకు ఆ పురుగులు ఊరకనే యున్నవి. నులిపురుగులకని వాడు ఐవర్‌మెక్టిన్ వంటి మందులు పేడలో మిగిలి వానిని చంపునను ఎఱుకతో, ఆ మందులను అవసరమైనంతకే వాడుట మన విధి.

నాల్గవది విత్తనము. తొలకరి రెండు మంచివానలు పడిన పిమ్మట అంజన్ గడ్డిని, దానితో పప్పుజాతిదైన స్టైలోను కలిపి చల్లుట చల్కలకు తగినది. అంజన్ విత్తనము దూదివలె గాలికి ఎగురును గనుక మట్టితోను పేడతోను ఉండలుచేసి చల్లుదురు. స్టైలో గింజకు తోలు గట్టి గనుక మరుగుటకు ముందటి వేడినీట కొన్ని నిమిషములుంచి, చన్నీట నానవేయుదురు. త్రొక్కుడు తప్పనిచోట గరిక తీగలను త్రుంచి నాటుట ఉత్తమము. భూమిపైనను భూమిలోపలను కూడ కాండములు ప్రాకించి, కణుపుకణుపున వేరుదన్ని, గిట్ట చెఱిపినదానిని త్వరలో కప్పు శక్తి దానికి కలదు. మొదటియేడు ఆ నేలమీద పశువుల నడుగిడనీయక, గడ్డి గింజ రాల్చిన పిమ్మట కొడవలితో కోసి తెచ్చి వేయవలెను.

ఐదవది, అన్నింటికన్న కఠినమైనది, మంద తిరిగి ప్రవేశించు వేళ. నాలుగంగుళముల లోతునుండి పిడికెడు మన్ను తీసి అరచేతుల నడుమ నులిమి చూడవలెను. అగ్గిపుల్లపాటి సన్నని పోగుగా సాగినచో మందను తోలరాదు, సాగక విఱిగిపోయినచో తోలవచ్చును. స్వీడనుదేశపు రసాయనజ్ఞుడు ఆటర్‌బర్గ్ 1911లో మట్టి మెత్తదనమునకు నిర్ణయించిన హద్దు ఇదియే. నేడు రహదారులు, ఆనకట్టలు కట్టు ఇంజనీర్లు అదే పరీక్షను ప్రయోగశాలలో చేయుదురు. ఇసుక మెండైన చల్కలో పోగు సాగనేసాగదు గనుక మడమతో గట్టిగా నొక్కి, అడుగుజాడలో నీటిమెఱుపు కనబడునా అని చూచిన చాలును. గడ్డి జానెడెత్తు పెరిగినపుడు ప్రవేశించి, నాలుగువ్రేళ్ళయెత్తు మిగిలియుండగనే వెడలవలెను. పచ్చిక చెడుట పశువులసంఖ్యకన్న అవి ఒకచోట నిలిచిన కాలమునుబట్టియు, తిరిగి వచ్చుటకు నడుమ విడిచిన వ్యవధినిబట్టియు ఉండునని ఫ్రాన్సుదేశపు ఆంద్రే వాయిజాఁ 1957లో గ్రంథముగ వ్రాసినాడు. రాత్రికొక చేనిలో మంద పెట్టి, తెల్లవాఱగనే మఱియొక చేనికి తరలి, పెంటికల యెరువునకు ప్రతిఫలముగా రైతువద్ద గింజలో పైకమో పుచ్చుకొను మన గొల్లకురుమలకు ఆ సూత్రము వృత్తిలోనే అలవడియున్నది.

విరామమునకు పూచీ ఎవరిది?

ఇంతవఱకు చెప్పినదంతయు సొంత పచ్చిక గలవానికి సుకరము. గుఱ్ఱములవాడు తన కంచెలో గేటు మూసినచో నేలకు విరామము దొరకును. బంచరాయికి గేటు లేదు. ఒకడు తన మందను ఆపినయెడల మఱియొకని మంద ఆ గడ్డిని మేయును. కాబట్టి ఇచ్చట విరామము ఊరి కట్టుబాటుగా మాత్రమే లభించును.

పాలకుర్తి చరిత్రలో భూమి సామాన్యవిషయము కాదు. 1940లలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన చేనికొఱకు, పండించిన గింజకొఱకు విసునూరు దేశముఖునకు ఎదురొడ్డి నిలిచినది ఈ ఊరనే. సాగుభూమికి అట్టి వీరులు లభించిరి. మేతభూమికి పట్టాదారు లేడు గనుక వకాల్తా పుచ్చుకొనువాడును లేకపోయినాడు. ఊరికి అవసరము పడినప్పుడెల్ల బడికి, కాలనీకి, విద్యుత్తు ఉపకేంద్రమునకు మొదట గుర్తువచ్చునది బంచరాయి. కాలువనీరు వచ్చినచోట వానాకాలమునను యాసంగిలోను వరియే పడుటచేత కోతలైన పొలములలో మేపుకొను వ్యవధియు తఱిగినది. అట్టి సమయమున, 2017 జూన్‌లో ప్రభుత్వము డెబ్బదియైదువంతుల రాయితీమీద ఒక్కొక్క గొల్లకురుమ సంఘసభ్యునకు ఇరువది గొఱ్ఱెలను ఒక పొట్టేలును ఇచ్చు పథకమును ఆరంభించినది. 2012, 2019 గణనల నడుమ రాష్ట్రములో గొఱ్ఱెలసంఖ్య దాదాపు సగము పెరిగినది. ఉపకారము ఉపకారమే, కాని జీవాలను పంచినంత సులభముగా గడ్డిని పంచుటకు వీలులేదు.

ఉమ్మడి పచ్చిక తప్పక నాశనమగునని 1968లో గారెట్ హార్డిన్ వ్రాసిన వ్యాసము లోకమున విశేషముగ ప్రచారమైనది. ఎలినార్ ఆస్ట్రం 1990లో ప్రకటించిన గ్రంథములో అట్లు నాశనమగునది కట్టుబాటులేని పచ్చికయే గాని ఉమ్మడిపచ్చిక కాదని, అనేకదేశముల నుదాహరించి నిరూపించినది. 2009లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆమె యుదాహరించిన స్విట్జర్లాండు గ్రామము తోర్బెలులో, శీతకాలమున తన కొట్టములో ఎన్ని ఆవులను మేపగలడో అంతకుమించి వేసవిలో కొండపచ్చికమీదికి ఎవడును తోలరాదను నియమము 1517 నాటికే వ్రాతపూర్వకముగ నున్నది. మనకును పరాయిచేనిలో పడిన పశువును బందెలదొడ్డికి తోలి జరిమానా కట్టించు ఏర్పాటు ఊరూర నుండెడిది. చేనిని కాచిన ఆ బందెలదొడ్డి న్యాయమును బంచరాయికిని వర్తింపజేసి, వానాకాలమున మూతవేసిన భాగములో మేపినవానికి ఊరే జరిమానా విధించుటలో అసాధ్యమేమియు లేదు. ఊరుమ్మడి భూముల దురాక్రమణలను తొలగించి గ్రామమునకు తిరిగి అప్పగింపవలెనని జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న అన్ని రాష్ట్రములను ఆదేశించినది గనుక, ధర్మాసనపు బలమును గ్రామమువైపే యున్నది.

ఆ కట్టుబాటు ఆచరణలో చిన్నదే. బంచరాయిని నాలుగు భాగములు చేసి, ఏడాదికొక భాగమును తొలకరినుండి గడ్డి గింజ రాల్చువఱకు మూసియుంచి, తక్కిన మూడింటిలో మట్టి పోగు సాగని, మడమజాడలో నీరు మెఱయని దినములలో మాత్రమే మంద తిప్పినచో, నాలుగేండ్లలో ప్రతి భాగమునకును ఒక పూర్తి వానాకాలపు విరామము దక్కును. ఆ నాలుగేండ్లు మందలు గలవారు నష్టపడకుండ మూసిన భాగములోని గడ్డిని కోసి మందలనుబట్టి పంచుకొనవలెను. మందలేనివారును కూలిచేసి అందులో పాలుపొందవలెను. తోలవలసిన దినమును ఊరి గొల్లకురుమల పెద్దయే మట్టి నులిమి చూచి చెప్పవలెను. ఇందులో విత్తనమునకు, మొరమునకు, కందకమునకు అగు వ్యయమును ప్రభుత్వము భరింపగలదు. మందను ఆపు మాటను మాత్రము ఊరు తనకు తాను చెప్పుకొనవలసినదే.